మూడోసారి తిరిగొచ్చిన పెడల్

మెకానిక్ భార్య తొమ్మిది రోజుల తర్వాత నర్సింగ్ హోం నుంచి ఇంటికి వచ్చిందని కిందటివారం భాగంలో చదివారు. తుంటి ఎముక విరిగిన ఆమె తల్లి పక్కన ఇక రాత్రిళ్లు ఎవరూ పడుకోనక్కర్లేదని, మంచం పక్కనున్న బటన్ నొక్కితే నర్సు వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ బటన్ నొక్కితే నర్సుల బల్ల మీద మోగే పెట్టెల్ని బాగుచేసింది మెకానిక్కే. అంతస్తుకి ఒకటి చొప్పున నాలుగు. అత్తగారిని చూడ్డానికి వెళ్లినప్పుడు నర్సులు అడిగితే సంచీలో వేసుకుని వచ్చాడు, రెండ్రోజుల్లో తిరిగిచ్చాడు. ఆ తొమ్మిది రోజుల్లోనే, థియేటర్‌లో గిటారు వాయించే బావమరిది తన పెడల్ పట్టుకుని రెండుసార్లు షాపుకి వచ్చాడు. రెండుసార్లూ బాగైందనే తీసుకెళ్లాడు.

మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకి మూడోసారి వచ్చి పెడల్‌ని బల్ల మీద పెట్టాడు.

"బావా, ఇది ఇంకా కీచుమంటోంది."

మెకానిక్ సోల్డరింగ్ ఐరన్‌ని స్టాండులో పెట్టాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పెడల్ వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"మొన్న నీ ముందే చూశాను కదరా."

"చూశావు. అదే నా బాధ. చూశావు."

షాపు పన్నెండు అడుగుల గది. ముందు కౌంటరు, కౌంటరు వెనక భార్య కూర్చునే కుర్చీ, దాని వెనక మెకానిక్ పనిచేసే బల్ల. కుడిపక్క గోడకి అవతల బేకరీ. పొయ్యి ఆ గోడకే ఆనించి కట్టడంతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడ వేడిగా ఉంటుంది. భార్య కుర్చీ ఖాళీగా ఉంది. తల్లికి అన్నం డబ్బా తీసుకుని ఒంటిగంటన్నరకి బస్సెక్కింది.

బావమరిది ఆ కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. అతనికి నలభై ఒకటి. రెండు వారాలుగా ఒకే నాటకం, రోజూ సాయంత్రం ఆరున్నరకి. చివరి రంగంలో ముసలమ్మ వేషం వేసినావిడ కొడుకు రాసిన ఉత్తరం చదివి, మడిచి, గుసగుసగా ఒక్క మాట అంటుంది. ఆ మాట కింద గిటారు ఉండాలి. కాలితో తొక్కే ఈ ఇనుప పెట్టె గిటారు గొంతుని మారుస్తుంది. మడమ నొక్కితే గొంతు మూసుకుంటుంది, వేళ్లవైపు నొక్కితే తెరుచుకుంటుంది. నెమ్మదిగా తొక్కితే తీగ మూలిగినట్టుంటుంది. దర్శకుడికి కావలసింది ఆ మూలుగు.

"నిన్న ముందు వరసలో ఇద్దరు నవ్వారు" అన్నాడు బావమరిది. "ఆవిడ ఉత్తరం మడిచింది. హాలంతా నిశ్శబ్దం. నేను కాలు వేశాను. కీచ్. ఎలక మీద కాలేసినట్టు. మాట అనడానికి నోరు తెరిచి, అలాగే నా వైపు తిరిగి చూసింది."

"దర్శకుడేమన్నాడు?"

"ఇవాళ కూడా కీచుమంటే రేపట్నుంచి రికార్డు పెట్టుకుంటానన్నాడు. రికార్డుకి కాళ్లుండవు, బావలూ ఉండరు అన్నాడు."

మెకానిక్ పెడల్‌ని తనవైపు లాక్కున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు లోపలి కంట్రోల్‌కి దుమ్ము పట్టిందనుకుని స్ప్రే కొట్టాడు. కంట్రోల్ పాతబడితే స్పీకర్లో కరకరమంటుంది. ఆ కరకర అతనికి తెలుసు, మీటరు మీద కూడా కనబడుతుంది. స్ప్రే కొట్టాక మీటరు ముల్లు వణకడం ఆగింది. రెండోసారి బావమరిది, కీచుమనేది స్పీకర్ కాదు, పెడలే అని చెప్పాడు. మెకానిక్ కీలు దగ్గర కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసి, చేత్తో పైకీ కిందికీ ఆడించి, "ఇప్పుడు లేదు" అన్నాడు. ఇప్పుడూ అలాగే చేత్తో ఆడించాడు.

"లేదు కదా" అన్నాడు.

బావమరిది అతని ముఖంలోకి చూశాడు. నవ్వడానికన్నట్టు పెదవి కదిలింది గానీ నవ్వలేదు.

"బావా, నిజంగా అంటున్నావా, ఆటపట్టిస్తున్నావా?"

"ఆటపట్టించే ఓపిక నాకెక్కడుందిరా. మొన్నటిదాకా తొమ్మిది రోజులు అన్నం నేనే వండుకున్నా."

"లే. లేచి గోడవైపు తిరుగు."

"ఏంట్రా ఇది, చిన్నపిల్లల్లాగా."

"తిరుగు బావా. నేను దీన్ని నేల మీద పెట్టి తొక్కుతుంటాను. కీచుమన్నప్పుడల్లా చెయ్యెత్తు. అంతే."

మెకానిక్ లేచాడు. మోకాళ్లు పట్టుకుని నిలబడటానికి కాస్త సమయం పట్టింది. బేకరీ గోడవైపు తిరిగాడు. కేలండరు వేలాడుతోంది, దాని పక్కనే నర్సింగ్ హోం రెండో అంతస్తు ఫోన్ నంబరు, భార్య చేతిరాత. నంబరుని రెండుసార్లు చదివాడు. వెనక నుంచి ఏమీ లేదు. వీధిలో లారీ వెళ్లింది. ఆ తర్వాత కిర్రుమని వినబడింది. చెయ్యెత్తాడు. మళ్లీ ఏమీ లేదు. టంగుమంది. ఎత్తాడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"ఇక తిరుగు" అన్నాడు బావమరిది.

"రెండుసార్లు."

"నేను పదకొండుసార్లు తొక్కాను. పదకొండుసార్లూ అరిచింది. నువ్వు చెయ్యెత్తిన రెండుసార్లూ నేను తొక్కలేదు. మొదటిసారి అక్క కుర్చీ కిర్రుమంది. రెండోసారి పక్కన బేకరీలో ట్రే పడింది."

మెకానిక్ గోడ దగ్గర్నుంచి వచ్చాడు. బల్ల అంచు పట్టుకుని తన స్టూలు మీద కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లుగా అదే స్టూలు.

"నా మాటలు వినబడుతున్నాయా?"

"వినబడక. లారీ వినబడింది. ట్రే వినబడింది."

"లావు చప్పుళ్లు వినబడుతున్నాయి. సన్నవి లేవు." బావమరిది గొంతు తగ్గించాడు. "ఎప్పట్నుంచి?"

మెకానిక్ ఆలోచించాడు. వాచీ అలారం కొట్టడం మానేసిందని కిందటేడు బాటరీ మార్చాడు, మార్చినా కొట్టలేదు, వాచీయే పాడైందని సొరుగులో పడేశాడు. కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసిందో ఈమధ్య లెక్క తప్పుతోంది, నిద్ర చాలక అనుకున్నాడు.

"తెలీదురా" అన్నాడు.

"మరి షాపెలా నడిపావు?"

ఆ ప్రశ్నకి జవాబు వాళ్లిద్దరి మధ్యా ఖాళీ కుర్చీ రూపంలో ఉంది. ఈ షాపులో ఒక పద్ధతి ఉంది. మెకానిక్ బాగుచేసిన ప్రతి వస్తువూ కౌంటరు మీదికి వెళ్తుంది. భార్య దాన్ని ఆన్ చేసి వింటుంది. బాగుంటే కౌంటరు చెక్క మీద వేలి కణుపుతో రెండుసార్లు కొడుతుంది, టక్ టక్. చీటీ మూలన టిక్కు పెడుతుంది. బాగోలేకపోతే ఏమీ అనకుండా వెనక్కి జరుపుతుంది. అతను విప్పి మళ్లీ చూస్తాడు. పెళ్లయిన కొత్తలో ఆమెకి ఊసుపోక మొదలైన పని. కస్టమర్ ముందు ఇంకో మనిషి కూడా చూస్తే నమ్మకంగా ఉంటుందని అతను వద్దనలేదు. వినడం తన పని కాకుండా పోయి ఎన్నాళ్లయిందో ఇద్దరూ గమనించలేదు.

"అక్క వింటోంది కాబట్టి నడిచింది" అన్నాడు బావమరిది తనే.

"ఊ."

"నా పెడల్ వచ్చినప్పుడు అక్క లేదు."

"లేదు."

"మరి ఎవరు విన్నారు?"

"లైటు వెలిగింది, మీటరు ముల్లు కదిలింది. బాగుందనుకున్నాను."

బావమరిది తల పట్టుకున్నాడు. "సరే, ఆరింటికి నేను అక్కడుండాలి. విప్పు" అన్నాడు.

"వినబడనిది ఎలా బాగుచేస్తాన్రా?"

"నాకు వినబడుతోందిగా. నీకు చేతులున్నాయి, నాకు చెవులున్నాయి. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్ తయారవుతాడు. అరమనిషికి అరమనిషి తోడు."

మెకానిక్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

ముందు విప్పలేదు. పెడల్‌ని నేల మీదే ఉంచి, తను పక్కన చతికిలబడి, బావమరిదిని కాలు వేయమన్నాడు. స్క్రూడ్రైవర్ మొనని కీలు పక్కన ఇనుము మీద ఆనించి, పిడిని పళ్లమధ్య పట్టుకున్నాడు. పాతకాలం మోటారు మెకానిక్కులు బేరింగులు చూసే తీరు అది. తను నేర్చుకుని ముప్పై ఏళ్లు దాటింది, చివరిసారి వాడి ఇరవై ఏళ్లయింది.

"తొక్కు. నెమ్మదిగా."

పళ్లకి తెలిసింది. చప్పుడు కాదు. గాజు మీద ఇసుక లాగినట్టు, పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి. వేళ్లవైపు సగం దూరం దాటాక మొదలై చివరి వరకూ ఉంది.

"ఇక్కడేనా అరుస్తోంది? సగం దాటాక?"

"అక్కడే. నీకెలా తెలిసింది?"

"పళ్లకి వినబడింది. ఇప్పుడు కాలు తీసి చేత్తో నొక్కు."

చేత్తో నొక్కితే ఇసుక లేదు. మెకానిక్ స్క్రూడ్రైవర్ నోట్లోంచి తీశాడు. ఇన్నాళ్లూ పెడల్‌ని బల్ల మీద పెట్టి చేత్తోనే ఆడించాడు. అది కాలికోసం చేసిన వస్తువు. మనిషి బరువు పడితేగాని దాని కీలు వంగదు. చెవులు సరిగ్గా ఉన్నా బల్ల మీద వినబడేది కాదు. ఆ మాట బావమరిదితో చెబుదామనుకుని మానేశాడు. పదకొండుసార్లు అరిచినప్పుడు పెడల్ నేల మీదే ఉంది, కాలు కిందే ఉంది.

అడుగున నాలుగు స్క్రూలు విప్పి రేకు తీశాడు. రెండు నట్లు వదులు చేసి కీలు కడ్డీని బయటికి లాగాడు. చిటికెనవేలంత పొడవు. లైటు కింద తిప్పి చూశాడు. ఒక పక్క నల్లగా ఉంది, రెండో పక్క అరిగి గీతలా మెరుస్తోంది.

"ఇదిగో. పదేళ్లుగా ఒకవైపే తొక్కావు."

"పాటలు ఒకవైపే ఉన్నాయి బావా."

"దీనికి చిక్కటి గ్రీజు ఉండాలి. మొన్న నేను వేసిన నూనె ఉన్న గ్రీజుని కూడా కడిగేసింది. మొదట కాస్త అరిచేది, నా చలవ వల్ల బాగా అరవడం మొదలుపెట్టింది."

"ఆ సంగతి నాకు మొన్నే తెలుసు. నువ్వేమనుకుంటావోనని చెప్పలేదు."

"చెప్పాల్సింది."

"ఇరవై ఆరేళ్ల షాపు. ఎలా చెప్తాను?"

మెకానిక్ గుడ్డ మీద స్పిరిట్ పోసి కడ్డీని తుడిచాడు. కడ్డీ కూర్చునే రెండు రంధ్రాల్నీ అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి తుడిచాడు. నల్లగా జిగురు వచ్చింది, మూడు పుల్లలు పట్టాయి. గ్రీజు డబ్బా మూత ఎండిపోయి రాలేదు, గోడకేసి కొడితే వచ్చింది. కడ్డీని సగం చుట్టు తిప్పి అరగని పక్క పైకి వచ్చేలా పెట్టి, గ్రీజు పూసి, లోపలికి తోశాడు. నట్లు బిగించేటప్పుడు తొందరపడలేదు. కొంచెం బిగించి, పెడల్ దానంతటది వాలిపోకుండా నిలబడుతోందా అని చూసి, ఇంకొంచెం బిగించాడు.

"తొక్కు."

స్క్రూడ్రైవర్ మళ్లీ పళ్లమధ్య. సగం దాటింది. చివరిదాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. పళ్లకి ఏమీ తగల్లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని నమ్మాలో వద్దో అతనికి తెలియలేదు. తలెత్తి బావమరిది ముఖం చూశాడు.

బావమరిది కళ్లు మూసుకుని ఇరవైసార్లు తొక్కాడు. కాలు మార్చి మడమతో తొక్కాడు. పెడల్ మీద నిలబడ్డాడు. తర్వాత వంగి, అక్క కొట్టినట్టే, వేలి కణుపుతో బల్ల చెక్క మీద రెండుసార్లు కొట్టాడు.

టక్ టక్.

మెకానిక్ నేల మీద నుంచి లేవలేదు. వీపు బల్ల కాలికి ఆనించి కూర్చున్నాడు. బావమరిది పెడల్‌ని సంచీలో పెట్టుకుని, జిప్పు లాగి, చెయ్యి అందించాడు. మెకానిక్ ఆ చెయ్యి పట్టుకుని లేచాడు.

"అక్కతో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

"ఇవాళే చెప్పు. దాస్తే ఇంకో నెలకి అక్క నీ మీద అరుస్తుంది, నీకు వినబడదు." గుమ్మం దాటి, మళ్లీ లోపలికి తొంగి చూశాడు. "ఆ, అక్క వచ్చాక ఇంకో మాట. అమ్మ పొద్దున ఫోన్లో అదే పాట. రాత్రి రెండుసార్లు బటన్ నొక్కాను, ఎవరూ రాలేదు, దాహంతో పడుకున్నాను అంటోంది. మొన్న కూడా అంతే అంది. కల కని ఉంటుంది. నువ్వు, అక్క కొంచెం నచ్చజెప్పండి."

అతను వెళ్లిపోయాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది. అది లావు చప్పుడు.

మెకానిక్ నిలబడే ఉన్నాడు. నాలుగు పెట్టెలు. నలుపు ప్లాస్టిక్, ముందు ఎర్రలైటు, లైటు పక్కన చిన్న జల్లెడలాంటి రంధ్రాలు. బటన్ నొక్కితే లైటు వెలగాలి, రంధ్రాల్లోంచి సన్నగా కూత రావాలి. పగలు బల్ల దగ్గర ఎవరో ఒకరు ఉంటారు, లైటు చూసి వెళ్తారు. రాత్రి నర్సు ఒక్కతే గదులు తిరుగుతుంటుంది. అప్పుడు కూతే దిక్కు.

నాలుగింటికీ లైటు వెలిగింది. అది అతనికి స్పష్టంగా గుర్తుంది.

గోడమీది నంబరుకి ఫోన్ చేశాడు. రెండో అంతస్తు నర్సు ఎత్తింది. తనెవరో చెప్పాడు.

"చెప్పండి సార్. మీ అత్తగారు బాగానే ఉన్నారు. ఇప్పుడే భోజనం అయింది."

"సిస్టర్, మీ బల్ల మీద నేను బాగుచేసిన పెట్టె ఉంది కదా. అది మోగుతోందా?"

"లైటు వెలుగుతోంది సార్, రోజూ చూస్తున్నాం కదా."

"కూత?"

"నాకు పగలు డ్యూటీ. లైటు చూసి వెళ్తాను. చప్పుడు సంగతి... ఇక్కడ ట్రాలీల గోలలో ఎవరు పట్టించుకుంటారు. ఒక పని చేస్తాను. ఫోన్ పెట్టె పక్కన పెడతాను. నేను గదిలోకెళ్లి నొక్కుతాను. మీరు వినండి."

"సిస్టర్, ఒక్క నిమిషం" అన్నాడు మెకానిక్. అప్పటికే రిసీవర్ బల్ల మీద పడ్డ చప్పుడైంది. చెప్పులు దూరమయ్యాయి. ఎవరో దగ్గారు. ట్రాలీ చక్రాలు దొర్లాయి. చెప్పులు మళ్లీ దగ్గరికొచ్చాయి.

"నొక్కాను సార్. వినిపించిందా?"

ఇరవై ఆరేళ్లలో అతను కస్టమర్‌తో అనని మాట ఇప్పుడన్నాడు.

"నాకు వినపడదమ్మా. మోగినా వినపడదు, మోగకపోయినా తెలీదు. నా చెవి దానికి పనికిరాదు. ఆ పెట్టె ఇచ్చిన రోజు కూడా నేను వినలేదు, లైటు చూసి ఇచ్చాను. బల్ల దగ్గర ఇంకెవర్నైనా నిలబెట్టండి. మీరు మళ్లీ నొక్కండి."

అవతల నర్సు ఎవరినో పిలిచింది. రిసీవర్ మళ్లీ బల్ల మీద పెట్టింది. చెప్పులు వెళ్లాయి. ఇంకెవరివో అడుగులు వచ్చి ఆగాయి. మెకానిక్ గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

రిసీవర్ ఎవరో ఎత్తారు.

"ఏమండీ."

భార్య గొంతు.

"బల్ల దగ్గర నేనున్నాను" అందామె. "సిస్టర్ నొక్కింది. లైటు వెలిగింది."

మిగతా మాట కోసం ఆగాడు. మాట రాకపోయినా ఫరవాలేదు, ఆ బల్ల చెక్కదే, వేలి కణుపుతో రెండుసార్లు కొడితే చాలు. టక్ టక్ అయితే అతనికి వినబడుతుంది. వెనక ట్రాలీ వెళ్లింది. చెక్క మీద చప్పుడు రాలేదు.

"అమ్మ కల కనలేదు" అందామె చివరికి. ఆ తర్వాత, "నేను షాపులో లేని తొమ్మిది రోజుల్లో ఇంకేమేం బయటికి వెళ్లాయి?"

గోడ పక్కనే బల్ల మీద ఇనుప మేకు, దానికి గుచ్చిన చీటీలు. మూలన టిక్కు లేనివి. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి ఖాళీ చేత్తో ఒక్కొక్కటే తీశాడు. రేడియో. అది లావు చప్పుడు, ఫరవాలేదు. ఫ్యాను రెగ్యులేటరు. ఇస్త్రీపెట్టె. ఇంకో రేడియో. అయిదో చీటీ తీసి, కళ్లజోడు పైకి తోసి, తన చేతిరాతనే రెండుసార్లు చదివాడు.

పక్క బేకరీ. గ్యాస్ లీకైతే కూసే అలారం. లైటు ఓకే.

"ఏమండీ, ఉన్నారా?" అంది భార్య.

అతని చెయ్యి ఇంకా గోడకే ఆని ఉంది. గోడ ఎప్పటిలాగే వేడిగా ఉంది.